ముఖం కనిపించింది, మాట వినిపించలేదు

ఈసారి ఉత్తరం ఒక నటి రాశారు. పేరూ వివరాలూ వద్దన్నారు కాబట్టి అవి వదిలేసి, మిగతాది క్లుప్తంగా చెబుతాను.

ఆవిడ చాలా ఏళ్లు నాటకాలు వేశారు. ఇప్పుడు సినిమాలకూ, వెబ్ సిరీస్‌లకూ ప్రయత్నిస్తున్నారు. ఏ పాత్రకైనా మొదటి వడపోత సెల్ఫ్ టేపుతోనే జరుగుతోంది. వాళ్లు సీను పంపిస్తారు, ఈవిడ ఇంట్లోనే నటించి రికార్డు చేసి పంపాలి. చాలాసార్లు సాయంత్రం సీను వస్తుంది, పొద్దున్నకల్లా టేపు కావాలంటారు. ఉన్నది చిన్న గది. ఓ పక్క కిటికీ, నెత్తిమీద ట్యూబ్‌లైటు, వెనకాల ఖాళీ గోడ. ఫోనుని స్టాండుకి బిగించి తీస్తారు. ఎదుటి పాత్ర డైలాగులు భర్త చదువుతారు. ఆయన పనినుంచి అలసిపోయి వచ్చి, ఫోను పక్కనే నిలబడి, కాగితంలోకి చూస్తూ, గట్టిగా ఒకే గొంతుతో చదివేస్తారట. ఈవిడకి టేకు నచ్చదు. ఇంకొక్కటి అంటారు, ఆ తర్వాత ఇంకొక్కటి. అర్ధరాత్రి దాటేసరికి మాటా మాటా పెరుగుతుంది. చివరికి ఏది బాగుందో తేల్చుకోలేక ఏదో ఒక టేకు పంపేసి పడుకుంటారు.

పంపినవాటిలో చాలావాటికి జవాబే రాలేదు. ఒక్కచోటినుంచి మాత్రం కాస్టింగ్ సహాయకురాలు ఒక వాక్యం రాశారు: "మీ డైలాగులు సరిగా వినపడలేదు, పక్కన చదివేవాళ్ల గొంతే వినపడుతోంది." ఇంతలో ఒక మిత్రుడు తన పాత మిర్రర్‌లెస్ కెమెరా (లెన్సులు మార్చుకోగలిగే రకం) అమ్ముతానన్నాడు, ఈ వారాంతంలోగా తేల్చి చెప్పమన్నాడు. వాయిస్ శిక్షణ కోసం ఈవిడ దాచుకున్న డబ్బు దానికి సరిగ్గా సరిపోతుంది. "ఫోనుతో తీసిన టేపు చూసి, ఈవిడకి ఈ పని మీద అంత శ్రద్ధ లేదు అనుకుంటారా? కెమెరా కొంటే అవకాశాలు వస్తాయా? లేక లోపం నాలోనే ఉందా?" అని అడిగారు. రెండు టేపులు కూడా జతచేశారు.

మీ ఉత్తరానికి జవాబు రాసేముందు ఆ రెండు టేపులూ చూశాను. మొదటిసారి తెరవైపు చూడకుండా, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ఆడిషన్ టేపులు చూసి వడపోసే పని కొంతకాలం చేశాను కాబట్టి ఆ అలవాటు ఉంది. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా మనిషి భరిస్తాడు. మాట అందకపోతే మాత్రం ఒకటి రెండు వాక్యాలయ్యాక చెవి అలిసిపోతుంది, వేలు తర్వాతి టేపు మీదకి వెళ్లిపోతుంది. అందులో ఎవరి తప్పూ ఉండదు. రోజుకి అన్నేసి టేపులు చూసేవాళ్లకి అది అప్రయత్నంగా జరిగిపోతుంది.

మీ టేపుల్లో ఏం జరిగిందో చెప్తాను. ఫోనుకీ మీకూ మధ్య దాదాపు ఆరడుగుల దూరం ఉంది. మీవారు ఫోనుకి అడుగు దూరంలో ఉన్నారు. నోటినుంచి సూటిగా వచ్చే శబ్దం, దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పడిపోతుంది. అంటే ఇద్దరూ ఒకే స్థాయిలో మాట్లాడినా, ఫోను చెవికి ఆయన గొంతు మీకంటే దాదాపు 15 డెసిబెల్స్ ఎక్కువగా చేరుతుంది. పైగా ఫోను శబ్దాన్ని తనంతట తానే సవరించుకుంటుంది. ఆయన గట్టిగా చదవగానే అది స్థాయి తగ్గించేస్తుంది, ఆ వెంటనే మీరు మెల్లగా అనాల్సిన మాట ఆ తగ్గిన స్థాయిలో పడి మునిగిపోతుంది. రెండో టేపులో "నాకు తెలుసు" అని మీరు గొంతు దించి అన్న మాట ఉంది చూడండి, సీనుకి ప్రాణం అదే. నేను వెనక్కి తిప్పి మళ్లీ వింటేగానీ అందలేదు. కాస్టింగ్ గదిలో వెనక్కి తిప్పేవాళ్లుండరు.

ఇప్పుడు మిత్రుడి కెమెరా సంగతి. ఆ కెమెరా కూడా మీకు ఆరడుగుల దూరంలోనే నిలబడుతుంది. దాని లోపలి మైకు పక్కన కూడా మీవారే నిలబడతారు. ముఖం ఇంకాస్త తేటగా కనిపిస్తుంది, మాట మాత్రం ఇప్పటిలాగే మునుగుతుంది. మీకు రాతపూర్వకంగా వచ్చిన ఒకే ఒక్క ఫిర్యాదు ఆ కెమెరా కొన్నా తీరదు. మిగతా ఆలోచనలన్నీ ఈ విషయం పక్కన పెట్టుకుని చెయ్యమని నా కోరిక.

ఫోనుతో తీశారని చిన్నచూపు చూస్తారన్న భయం వదిలెయ్యండి. సెల్ఫ్ టేపు అడిగేవాళ్లు సినిమా బొమ్మ అడగడం లేదు. ముఖం, కళ్లు, మాట అందాలి, వాళ్ల దృష్టి మళ్లించేది ఏదీ ఉండకూడదు. ఈమధ్య వచ్చిన ఏ మాదిరి ఫోనైనా 1080పిలో ఆ పని చేస్తుంది. 4కె ప్రత్యేకంగా అడిగితే తప్ప అనవసరం. ఫైలు దాదాపు మూడింతలవుతుంది, పంపడానికి పట్టే సమయమూ అంతే పెరుగుతుంది. పొద్దున్నకల్లా పంపాల్సినప్పుడు ఆ సమయం మీకు బంగారం.

కాబట్టి మొదట మాట సంగతి చూద్దాం.

పైసా ఖర్చు లేని దారి ఒకటుంది. మీవారు ఉన్నచోటే ఉండి, గొంతు సగానికి తగ్గించి, తలని ఫోనుకి పక్కకి తిప్పి చదవడం. గదిలో ఫ్యాను ఆపేయడం, పక్కగదిలో ఫ్రిజ్ మోత వినపడుతుంటే తలుపు మూయడం. మీ గదిలో గోడలు ఖాళీగా ఉన్నాయి కాబట్టి మాట కొట్టుకుని తిరిగొస్తోంది, డబ్బాలో మాట్లాడినట్టు వినపడేది అందుకే. ఫ్రేములోకి రాని వైపు మందపాటి దుప్పట్లు వేలాడదీయండి, బట్టల బీరువా తలుపులు బార్లా తీసి పెట్టండి. ముఖ్యంగా మీరు ఏ గోడవైపు తిరిగి మాట్లాడతారో, అంటే ఫోను వెనక గోడ, అక్కడ గుడ్డ ఉండాలి. చాలామంది తమ వెనకగోడకే దుప్పటి కడతారు, కానీ మాట ముందుకి వెళ్లి తగిలేది ఎదుటి గోడకి. ఇదంతా చేస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. కానీ ఫోను ఇంకా ఆరడుగుల దూరంలోనే ఉంటుంది కాబట్టి మీ గుసగుసలు పూర్తిగా అందవు. ఇవ్వాళ రాత్రే టేపు పంపాల్సొస్తే ఈ దారి చాలు. రోజూ చెయ్యాల్సిన పనికి చాలదు.

రెండో దారి చిన్న కాలర్ మైకు, వైరుది. డబ్బు తక్కువ, ఫలితం ఎక్కువ. నన్నడిగితే మొదటి కొనుగోలు ఇదే. గడ్డానికి జానెడు కింద, రొమ్ము మధ్యలో తగిలించుకోవాలి. మెడలో గొలుసుంటే తీసెయ్యండి, తల తిప్పినప్పుడల్లా మైకుకి తగిలి టక్కుమంటుంది. గంజి పెట్టిన చీరా, గరగరలాడే సింథటిక్ బట్టా వద్దు, మెత్తటి నూలు మంచిది. మైకు కనిపించినా ఫర్వాలేదు, ఎవరూ పట్టించుకోరు. మీవారికి వేరే మైకు అక్కర్లేదు. మీ మైకులోకే ఆయన గొంతు దూరంగా, తక్కువగా వస్తుంది. మనకి కావలసింది అదే.

కొనేటప్పుడు చూడాల్సింది ప్లగ్గు. గుండ్రటి పిన్ను మీద అడ్డంగా గీతలుంటాయి. రెండు గీతలుంటే అది కెమెరాల కోసం చేసింది, మూడు గీతలుంటే ఫోన్ల కోసం చేసింది. రెండు గీతల మైకుని నేరుగా ఫోనులో గుచ్చితే ఫోను దాన్ని గుర్తించకుండా తన లోపలి మైకుతోనే రికార్డు చేసుకుంటూ పోతుంది, మీకు అనుమానం కూడా రాదు. మీ ఫోనుకి గుండ్రటి రంధ్రమే లేకపోతే యూఎస్‌బీ-సి మైకు తీసుకోండి, లేదా అడాప్టరు తీసుకోండి. కానీ కొన్ని అడాప్టర్లు పాటలు వినడానికి మాత్రమే పనికొస్తాయి, మైకుని లోపలికి తీసుకోవు. కొన్ని ఫోన్లలో కెమెరా యాప్‌కి బయటి మైకు వాడమని సెట్టింగ్స్‌లో విడిగా చెప్పాలి కూడా. ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టమనిపిస్తే ఒక్క పరీక్ష చాలు. రికార్డింగ్ మొదలుపెట్టి కాలర్ మైకుని గోటితో మెల్లగా గీకండి, తర్వాత ఫోను అంచుని గీకండి. విన్నప్పుడు ఏది పెద్దగా వినపడితే ఆ మైకు పనిచేస్తున్నట్టు. ప్రతి ఆడిషన్‌కి ముందూ ఇది చెయ్యండి. పావు నిమిషం పని.

వైర్‌లెస్ మైకులు మూడో దారి. వైరు కాళ్లకి అడ్డంపడదు, లేచి నడవాల్సిన సీన్లలో హాయి. కానీ ఛార్జింగ్ చూసుకోవాలి, రాత్రిపూట సరిగ్గా మంచి టేకు మధ్యలో అది అయిపోవచ్చు. వాటిలో మోత తగ్గించే మీట ఒకటుంటుంది. దాన్ని ఆపేసే ఉంచండి, బయటి రొదతోపాటు మీ ఊపిరినీ, మాట చివరలనీ అది మింగేస్తుంది. మీరు నాటకంలోంచి వచ్చినవారు, మాట చివర విరుపు మీ బలం. దాన్ని ఒక మీటకి వదులుకోకండి. ఇక బూమ్ మైకని పిలిచే పొడవాటి మైకు గురించి కూడా అడిగారు. తలపైన ఫ్రేము బయట వేలాడదీస్తే చాలా సహజమైన శబ్దం వస్తుంది, నిజమే. కానీ స్టాండు కావాలి, చోటు కావాలి. మోగే గదిలో అది గది మోతని కూడా పట్టుకొస్తుంది. మీ గదికి ఇప్పుడే వద్దు.

ఏ మైకైనా స్థాయి సరిచూసేటప్పుడు సీనులో మీరు అన్నిటికంటే గట్టిగా అరిచే వాక్యంతో చూడండి. మామూలు మాటతో సరిచేసి, తర్వాత అరిచినప్పుడు శబ్దం చీలిపోతే దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచెయ్యలేదు. స్థాయి చూపించే యాప్ ఉంటే అరుపు మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. స్టేజీ మీద చివరి వరసకి వినిపించిన గొంతు మీది, మైకుకి అంత అక్కర్లేదు. ఇది మైకుకే కాదు, నటనకి కూడా సంబంధించిన మాట, మళ్లీ వస్తాను.

వెలుతురు సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే మీకు కావలసినవి ఇంట్లోనే ఉన్నాయి. మొదటి టేపులో ముఖం సగం నీలంగా, సగం వెచ్చగా ఉంది. కిటికీ వెలుగు ఒక రంగు, లోపలి దీపాలు ఇంకో రంగు. వెలుగు రంగుని కెల్విన్లలో కొలుస్తారు. పగటి వెలుగు దాదాపు 5600 కెల్విన్, ఇంట్లో పసుపు బల్బు 2700 నుంచి 3000 దగ్గర ఉంటుంది, ఫోను ఆ రెంటి మధ్యా తికమకపడుతుంది. పగలైతే అన్ని లైట్లూ ఆపేసి, కిటికీకి ఎదురుగా మీరు, కిటికీకి వీపు పెట్టి ఫోను. రాత్రయితే మీ దగ్గరున్న రింగ్ లైటు. దాన్ని ఫోను చుట్టూ పెట్టడం మానేసి, కంటికంటే ఎత్తులో, కాస్త పక్కగా పెట్టండి. ముందు కొంచెం ఎడంగా పల్చటి తెల్లగుడ్డ కట్టండి. వెలుగు వచ్చే వైశాల్యం ఎంత పెద్దదైతే నీడలు అంత మెత్తబడతాయి. కళ్లలో ఆ తెల్లటి రింగులు కూడా పోతాయి, కళ్లజోడు పెట్టుకునే పాత్రయితే ఇది మరీ అవసరం. గోడకి కనీసం మూడడుగులు ముందుకి జరిగితే వెనక నీడ పడదు. లైటు కొత్తగా కొనాల్సొస్తే డబ్బా మీద సీఆర్ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 95 దాటిందో లేదో చూడండి. తక్కువుంటే ముఖం రంగు పాలిపోయినట్టొస్తుంది.

రెండో టేపులో ఇంకోటి గమనించాను. మీరు కోపంగా ముందుకి వంగగానే గది మొత్తం ఒక్కసారి వెలిగి మళ్లీ తగ్గింది. ఫోను మీ జుట్టు నలుపుని చూసి వెలుతురు పెంచుకుంది. ఆ క్షణంలో నా కన్ను మిమ్మల్ని వదిలి గోడమీదకి పోయింది. మంచి టేకు అలా పాడయింది. తెరమీద మీ ముఖం దగ్గర వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకసూ, వెలుతురూ లాక్ అవుతాయి. టేకు మొదలుపెట్టే ముందు ఎప్పుడూ చెయ్యాల్సిన పని ఇది. దీపాల వల్ల బొమ్మలో చారలు పాకుతుంటే, కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట షట్టర్ వేగం సెకనులో 1/50 గానీ 1/100 గానీ, 60 హెర్ట్జ్ ఉన్న చోట 1/60 గానీ 1/120 గానీ పెట్టండి.

ఫోను వెనక కెమెరానే వాడండి, ముందుది వద్దు. అడ్డంగా పెట్టండి, వాళ్లు నిలువుగా అడిగితే తప్ప. మరీ దగ్గర పెడితే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి, మీరు పెట్టిన దూరం సరిగ్గానే ఉంది. ఫోను ఎత్తు మీ కళ్ల ఎత్తుకి సమానంగా ఉండాలి. వెనకాల మసకబార్చే పోర్ట్రెయిట్ మోడ్ వద్దు, చెయ్యి ఆడించినప్పుడు వేళ్లు కరిగిపోయినట్టు కనిపిస్తాయి. ముఖాన్ని నునుపు చేసే ఫిల్టరు అసలే వద్దు, వాళ్లు చూడాలనుకునే మనిషి మీరు. టేపు వాట్సాప్‌లో పంపమంటే మామూలు వీడియోగా కాకుండా డాక్యుమెంటుగా జతచెయ్యండి, లేకపోతే అది బొమ్మని నొక్కి చిన్నది చేసేస్తుంది.

ఇప్పుడు మీవారి గురించి. ఉత్తరంలో ఎక్కువ బాధ కనిపించింది ఇక్కడే, నా మనసూ ఇక్కడే ఆగింది.

ఆయన బాగా చదవడం లేదని రాశారు. ఏం కావాలో ఆయనకి ఎప్పుడైనా చెప్పారా? నటించనక్కర్లేదు, గొంతు మార్చనక్కర్లేదు. నెమ్మదిగా, మామూలుగా, మీ కళ్లలోకి చూస్తూ అంటే చాలు. కాగితంలోకి చూసి చదివే మనిషికి ఎదురుగా నిలబడి ఏడవడం ఎవరికైనా కష్టమే. ఆయన డైలాగులు నాలుగే ఉంటే కంఠతా పట్టమనండి, ఎక్కువుంటే కాగితాన్ని ఫోను పక్కనే, కంటి ఎత్తులో అంటించండి. ఆయన ముఖం లెన్సుకి ఆనుకున్నంత దగ్గరగా ఉండాలి. అప్పుడే మీ చూపు కెమెరాకి కొంచెం పక్కగా ఉండి రెండు కళ్లూ కనిపిస్తాయి. మొదటి టేపులో ఆయన అడుగు ఎడంగా ఉన్నందువల్ల మీ ముఖం కాస్త పక్కకి తిరిగి కనిపించింది. అంటే ఇన్నాళ్లూ ఆయన గట్టిగా చదవడం ఎక్కువైంది, చూపు కలపడం తక్కువైంది. ఈ రెండూ తారుమారు కావాలి.

రెండో మాట ఇంకా ముఖ్యం. టేకులకి ముందే హద్దు పెట్టుకోండి. రెండు వామప్, తర్వాత నాలుగు టేకులు, ఆపై ఆపేయడం. ఆయనకి అది ముందే తెలియాలి. ఎప్పుడు ముగుస్తుందో తెలిసిన మనిషి ఓపిక వేరు, తెలియని మనిషి ఓపిక వేరు. అర్ధరాత్రి టేకుల్లో మీ గొంతులో నటన తగ్గి అలసట వినపడుతోంది. నాకు రెండో టేపులో అది వినపడింది. ఏ టేకు పంపాలో మర్నాడు పొద్దున లేచి, ముఖం కడుక్కుని, ఒక్కసారి మాత్రమే విని తేల్చుకోండి. టైము అస్సలు లేకపోతే, ఆ నాలుగు టేకుల్లో మొదటి రెండింట్లోంచే ఎంచుకోండి.

ఆయనకి ఈ భారం వద్దనిపిస్తే వేరే దారులున్నాయి. మీతో నాటకాలు వేసినవాళ్లు ఎవరైనా వీడియో కాల్‌లో డైలాగు అందించవచ్చు. రెండో ఫోనుని లెన్సు పక్కనే పెట్టి, స్పీకర్ తక్కువ స్థాయిలో ఉంచండి. మాట రావడంలో కాస్త ఆలస్యం ఉంటుంది, వేగంగా కొట్టుకునే సీన్లలో ఇది ఇబ్బంది పెడుతుంది, నెమ్మది సీన్లలో ఫర్వాలేదు. ఇంకొంచెం మంచిది, మీలాగే ప్రయత్నిస్తున్న ఇద్దరు ముగ్గురు కలిసి ఒక మైకూ ఒక లైటూ పంచుకోవడం, ఒకరి టేపుకి ఒకరు చదవడం. ఖర్చు పంచుకుంటారు, ఎదురుగా నటుడు ఉంటాడు, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. చిక్కేమిటంటే ఇద్దరికీ ఒకే రాత్రి గడువు పడొచ్చు, ఒకే పాత్రకి ఇద్దరూ పోటీపడొచ్చు. ముందే మాట్లాడుకోండి. డబ్బు తీసుకుని టేపు తీసిపెట్టే స్టూడియోలు కూడా ఉంటాయి. పై దశకి పిలుపొచ్చిన పెద్ద పాత్రకి అది ఉపయోగపడుతుంది, ప్రతి చిన్న పాత్రకీ వెళ్తే మీ శిక్షణ డబ్బు ముక్కలు ముక్కలుగా కరిగిపోతుంది.

రాత్రికి రాత్రి పంపమనడం గురించి కూడా రాశారు. మీరు సర్దుకోలేకపోతున్నారని మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారు. అది మీ ఒక్కరి కష్టం కాదు. అమెరికాలో నటుల సంఘం సాగ్-ఆఫ్ట్రా 2023లో సమ్మె చేసి కుదుర్చుకున్న ఒప్పందంలో సెల్ఫ్ టేపులకి ఎంత గడువివ్వాలి, ఎన్ని పేజీలు అడగొచ్చు అన్న హద్దులు రాయించుకుంది. అంత పెద్ద సంఘమే రాయించుకోవాల్సి వచ్చిందంటే ఇబ్బంది నిజమైనదే. మీరు మర్యాదగా ఒక్క వాక్యంతో ఇంకొన్ని గంటలు అడగవచ్చు. ఒక్కోసారి ఇస్తారు, ఒక్కోసారి ఇవ్వరు. అడిగినందుకే పాత్ర పోయే చోట పని కూడా అలాగే ఉంటుంది. అయినా అవకాశం మరీ ముఖ్యమైతే అడగకుండా పంపడంలో తప్పులేదు, ఆ నిర్ణయం మీదే.

"లోపం నాలోనే ఉందా" అన్న ప్రశ్నకి నిజాయితీగా చెప్పాల్సింది చెప్తాను. జవాబు రాని టేపులన్నీ పరికరాల వల్లే పోయాయని చెప్పలేను, మీ నటన వల్ల పోయాయనీ చెప్పలేను. ఎత్తు, వయసు, ఇప్పటికే ఖాయమైన నటుడి పక్కన జోడీ కుదరడం, ఇవేవీ మీ చేతిలో లేవు. ఒకటి మాత్రం చూశాను. మొదటి టేపులో మీరు గది చివర ఉన్నవాళ్ల కోసం నటించారు. రొమ్ము పైభాగం మాత్రమే కనిపించే ఫ్రేములో కనుబొమ్మ అంత పైకి లేవనక్కర్లేదు. రెండో టేపులో "నాకు తెలుసు" దగ్గర మీరు ఏమీ చెయ్యలేదు, ఊరికే చూశారు. అది చాలా బాగుంది. మాట మైకుకి దగ్గరైతే మీరు గొంతు పెంచనక్కర్లేదు, గొంతు పెంచనక్కర్లేకపోతే ముఖం దానంతటదే నెమ్మదిస్తుంది. ఆ చిన్న మైకుని మొదట కొనమనడానికి నా దగ్గరున్న అసలు కారణం ఇదే. వాయిస్ శిక్షణ డబ్బుని ముట్టుకోవద్దని అనిపించడానికీ ఇదే కారణం.

అలాగని కెమెరా ఎప్పటికీ వద్దని అనను. మీరు షోరీలు (మీ నటన ముక్కలు కూర్చిన చిన్న వీడియో) తీసుకోవాలనుకుంటే, లేదా తోటి నటులకి టేపులు తీసిపెట్టి కొంత సంపాదించాలనుకుంటే అది పనికొస్తుంది. మైకు ప్లగ్గు ఉంటుంది, తక్కువ వెలుగులో ఫోనుకంటే మెరుగు. కానీ దాన్ని నేర్చుకోవడానికి కొన్ని వారాలు పెట్టాలి. ఫైళ్లు కార్డులోంచి తీసి మార్చాలి, ముందుకి వంగితే ఫోకసు తప్పే లెన్సులూ ఉంటాయి. గడువు తరుముతున్న రాత్రి అవన్నీ కొత్తవాళ్ల నెత్తిన పడతాయి. పాత కెమెరాల్లో కొన్ని ఎక్కువసేపు రికార్డు చేస్తే వేడెక్కి ఆగిపోతాయి కూడా, కొనాలనుకుంటే అది తప్పకుండా చూసుకోండి.

మిత్రుడికి వారాంతంలోగా జవాబివ్వాలి కదా. అవునని గానీ కాదని గానీ చెప్పేముందు ఆ కెమెరాని ఒక్కరోజు అరువడగండి. ఈలోగా వైరు కాలర్ మైకు ఒకటి తెచ్చుకోండి, దుప్పట్లు కట్టండి. ఒకే సీనుని ఒకే గదిలో, ఒకే లైటుతో, మైకు పెట్టుకుని ఫోనుతో ఒకసారి, కెమెరాతో, దాని లోపలి మైకుతోనే ఒకసారి తియ్యండి. దేంతో తీశారో చెప్పకుండా, మీ నటన తెలిసిన ఇద్దరికి రెండూ పంపి, ఏ టేపు చూసి పిలుస్తారో అడగండి. వాళ్లు కెమెరా టేపునే ఎంచుకుని, కారణం బొమ్మే అని చెబితే, మిత్రుణ్ణి రెండు మూడు వాయిదాల్లో తీసుకుంటాడేమో అడిగి చూడండి. అప్పుడు శిక్షణా ఆగదు. వాళ్లు ఫోను టేపుని ఎంచుకుంటే, అతనికి కృతజ్ఞత చెప్పి కెమెరా తిరిగిచ్చేసి, సోమవారమే క్లాసుకి పేరు నమోదు చేసుకోండి.